రుస్తాఖ్‌లో నేను కట్టిన సరస్సు

ఈ సంగతి రాసిపెట్టక తప్పదు. మా మల్లన్న మేస్త్రీ ఏ పెళ్లికి వెళ్లినా, పప్పు వడ్డన అయ్యేలోపు దీన్ని తప్పుగా చెబుతున్నాడు. ఆయన లెక్క ప్రకారం నేను ఒమాన్‌లో చేపలు పట్టబోయి, నడుముల్లోతు నీళ్లలో "అమ్మో" అని కేక పెట్టానట. అబద్ధం. నీళ్లు మోకాలి దాకా కూడా లేవు. కేక పెట్టింది వేరే ఆయన. ఘోరం జరిగిన మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. అది నా చదువు వల్ల జరగలేదని నిరూపించడానికే ఈ కాగితాలు.

డెబ్బయ్యో దశకం చివర్లో మేం ఒమాన్‌లోని రుస్తాఖ్ అనే ఊళ్లో ఒక గోదాము కడుతున్నాం. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది కానీ నేను చదువును వదల్లేదు. మా ఊరి గ్రంథాలయంలో మూడు బీరువాలుంటే రెండున్నర పూర్తి చేసి విమానం ఎక్కినవాణ్ని. రూములో ఎనిమిది మందికి ఒకటే బల్బు. నేను పదింటి దాకా చదివేవాణ్ని. తక్కిన ఏడుగురు ఎనిమిదింటికే దుప్పటి ముసుగేసుకుని, అందులోంచి నన్ను తిట్టేవాళ్లు. వాళ్ల నాయకుడు మల్లన్న.

ఆ రోజుల్లోనే సైటు ఇంజనీరు ఒకాయన వాళ్ల దేశం వెళ్లిపోతూ చేపల వేట మీద ఒక ఇంగ్లిషు పుస్తకం పారేశాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని నెల రోజుల్లో నమిలేశాను. వాల్‌ఐ అని చలి దేశాల చేప ఒకటుందట. ఆకురాలు కాలంలో, పొద్దుగూకే వేళ, సరస్సు లోతు వదిలి ఒడ్డుకు వస్తుందట. మసక వెలుతురులో దాని కళ్లు తళతళ మెరుస్తాయట. గాలం వేయడమే తరువాయి.

"గీ బుక్కు సదివి చేపలు వడతవా?" అన్నాడు మల్లన్న.

"పడత. రూమందరికి పులుసుకు సరిపోను పడత."

"పడితే?"

"పదింటి దాంక లైటు నాది. ఎవ్వలు గునగొద్దు."

"పడకుంటే ఎనిమిదింటికే బంద్! మల్ల నోరు తెరవద్దు."

వంట చూసుకునే గంగారాం సాక్షి. ఆ అమాయకుడు నన్ను నమ్మి, మా సెలవు రోజు శుక్రవారం మధ్యాహ్నమే చింతపండు నానబెట్టాడు.

ఇక్కడ మీరొక ప్రశ్న వేస్తారు. ఎడారి దేశంలో చలి దేశపు చేప ఎక్కడిదయ్యా అని. అది రాదని నాకూ తెలుసు. కానీ చేప బుద్ధి ఏ దేశంలోనైనా చేప బుద్ధే కదా! అక్టోబరు వచ్చింది, కనుక ఆకురాలు కాలమే. ఖర్జూర చెట్టు ఆకు రాల్చకపోతే ఆ తప్పు పుస్తకానిది కాదు.

ఒక్క సరస్సే తక్కువ. రుస్తాఖ్‌లో ఉన్నది ఫలజ్, అంటే కొండ అడుగు నుంచి తోటల్లోకి నీళ్లు తెచ్చే సన్నని కాలువ. అందులో వేలెడంత చేపలు ఉండేవి. కాళ్లు పెడితే గిలిగింతలు పెట్టేవి. సరస్సు లేదని వెనక్కి తగ్గడానికి మేమేమైనా గుమాస్తాలమా? గోదాములు కట్టేవాళ్లం! పైగా వానలు వెనకబట్టాక కాలువకు అడ్డుకట్ట వేసి చేపలు పట్టని మగవాడు మా జిల్లాలోనే లేడు.

శుక్రవారం సాయంత్రం గంగారాం, నేను అయిదు గోనె సంచుల్లో ఇసుక నింపి ఫలజ్‌కు అడ్డంగా పేర్చాం. మల్లన్న రాయి మీద కూర్చుని చూస్తున్నాడు. నీళ్లు ఎగదన్ని పక్కనున్న ఇసుక పల్లంలోకి పరుచుకున్నాయి. సరస్సు తయారు! చేపలు కూడా నీళ్లతోపాటే వచ్చేశాయి.

"నీ సరస్సుల బర్రె పండితే తోక బయటనే ఉంటది," అన్నాడు మల్లన్న.

"సప్పుడు చెయ్యకన్నా. చేపలు వింటయి."

మల్లన్న గోడలు కట్టే దారమే నా గాలం తాడు. ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరు వంచి కొక్కెం చేశాను. దానికి చపాతీ పిండి గుచ్చాను. కొక్కెం చేపకు రెండింతలుంది. చేపలు వరసగా వచ్చి, పిండి తిని, కొక్కేన్ని పరామర్శించి వెళ్లిపోతున్నాయి.

"పెండ్లికొచ్చిన చుట్టాల్లెక్క తిని పోతున్నయి కదనే," అన్నాడు గంగారాం.

"ఆగు. ఇంకా మసక పడలే."

పొద్దు కొండ వెనక్కి వాలింది. కళ్ల కోసం వెతికాను. తళతళమని రెండు కళ్లు మెరిశాయి! కాకపోతే నీళ్లలో కాదు, గట్టు మీద.

"పానీ! మేరా పానీ కిధర్?"

నా నీళ్లేవని ఆ కేక పెట్టినవాడు హమూద్, కింది తోట ముసలాయన. ఫలజ్ నీళ్లు ఊరందరివీ. పగలు కర్ర నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి, ఒక్కో తోటకు ఇంతసేపని వంతు కడతారు. సాయంత్రం ఎండ కొండెక్కినప్పటి నుంచి, పొద్దుగూకాక మసీదులో వినిపించే మగ్రిబ్ బాంగు దాకా ఆయన వంతు. అందులో సగం అప్పటికే నా సరస్సు తాగేసింది.

మరొకడైతే కాళ్ల మీద పడేవాడు. నేను ఆయనకు, చీకటి పడితే చేప ఒడ్డుకొస్తుందనే నాలుగో అధ్యాయం హిందీలో వివరించాను.

"బాబా, మచ్ఛీ అంధేరే మే కినారే ఆతీ హై..."

ముసలాయన వినలేదు. ఒక్క తన్నుతో సంచి తీశాడు. తక్కినవి నీళ్లే తోశాయి. నా సరస్సు చేపలతో సహా ఆయన తోటలోకి దూకింది. వెనకే మేమూ పరుగెత్తాం. గడ్డి మడిలో ఎటు చూసినా చేపలు ఎగిరి పడుతున్నాయి.

"సూడే అన్నా! పడ్డయా లేదా?"

"పట్టింది నువ్వా, మడా?"

"మడిలకు తోలింది ఎవలు?"

మా గొడవ హమూద్‌కు అర్థమయ్యేలా చెప్పి, తీర్పు ఆయన్నే అడిగాం. ఆయన హిందీలో అన్నది తెలుగులో రాస్తున్నాను.

"ఇప్పుడు ఈ నీళ్లు ఎవరి వంతు?"

"నీదే, బాబా."

"నా వంతులో నా మడిలోకి వచ్చింది ఎవరిది?"

నేను నోరు తెరిచేలోపే మల్లన్న "సబ్ తుమ్హారా!" అనేశాడు. చేపలన్నీ హమూద్ మేకతోలు సంచిలోకి వెళ్లాయి. ఆ రాత్రి గంగారాం వట్టి చింతపండు పులుసు పోశాడు. ఎనిమిది కొట్టగానే మల్లన్న పండగ చేసుకుంటున్నట్టు బల్బు ఆర్పాడు.

నీళ్లు పోయినందుకు హమూద్ శిక్ష కూడా వేశాడు. ఆయన ఇంటిల్లిపాదికీ కలిపి వారంలో నాలుగు వంతులు చీకటి పడ్డాక వస్తాయి. రెండు నెలలు ఆ వంతులకు నేనే కాపలా కూర్చోవాలి. పక్క తోటవాడు కేకేయగానే మడికి నీళ్లు తిప్పాలి. చీకట్లో తేళ్లుంటాయని, ఆయనే పెద్ద కిరోసిన్ లాంతరు ఇచ్చాడు. వారానికి నాలుగు రాత్రులు, మనిషి గునుగుడు లేని చోట, పదకొండింటి దాకా లాంతరు వెలుతురు నాది. మొదటి వారంలోనే ఆ చేపల పుస్తకం మళ్లీ చదివాను. ఒక్క తప్పూ దొరకలేదు.

కాబట్టి దారం ఇచ్చిన మల్లన్నకు, ముఖ్యంగా బల్బు ఆర్పినందుకు, నా కృతజ్ఞతలు. ఇసుక మోసి వట్టి పులుసు తాగిన గంగారాంకు కృతజ్ఞతలు. శిక్ష వేసిన హమూద్ బాబాకు చేతులెత్తి దండం. ఆ ముగ్గురి ఎదుటా, మీ ఎదుటా ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో మరొకరి వంతు నీళ్లకు అడ్డుకట్ట వేయను, చదవడానికి వేరే దీపం దొరికినంతకాలం.