కోటమ్మ మామ్మ కడిగిన క్యారేజీ

2024 మొదట్లో, కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్న రోజుల్లో, నేను నరసరావుపేటలో ఒక వృద్ధుల సేవాసంస్థలో ఫీల్డ్ వర్కర్‌గా చేరి మూడు నెలలయింది. ఉద్యోగమేందిరా అని మా నాన్న అడిగితే చానా గొప్పగా వివరించాను. అంతా విని, "అంటే అన్నం డెలివరీ" అన్నాడు. డిగ్రీ చదివించింది ఇందుకేనా అని ఆయన నోరు అడగలేదు. ముఖం అడిగింది.

ఆయన చెప్పింది సగం నిజమే. వండుకోలేని ముసలివాళ్ళకు, ఇంట్లో నలుగురున్నా ఎవరూ పట్టించుకోనివాళ్ళకు మధ్యాహ్నం భోజనం చేర్చడం మా పని. వంటగది నరసరావుపేటలోనే. వినుకొండ రోడ్డులో నాలుగు ఊళ్ళు నా వాటా. బండికి రెండు పక్కలా సంచులు, సంచుల్లో మూడు గిన్నెల స్టీలు క్యారేజీలు. ఇవాళ్టి నిండు క్యారేజీ ఇచ్చి, నిన్నటి ఖాళీది తెచ్చుకోవాలి.

మిగతా సగం ఫారం. దాన్ని హోమ్ విజిట్ ఫారం అంటాం. తిన్నారా, మందులు వేసుకున్నారా, ఒంటిమీద దెబ్బలున్నాయా అని గడులుంటాయి. భోజనం ఎలా ఉందో రాసే గడి ఫీడ్‌బ్యాక్. అన్నిటికన్నా అడుగున ప్రైవేట్ టాక్ అని ఒకటి. వారానికోసారి, ఇంట్లోవాళ్ళకు వినపడనంత దూరంలో, ఆ పెద్దవాళ్ళతో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడి అక్కడ టిక్కు పెట్టాలి. ట్రైనింగులో మా కోఆర్డినేటర్ విజయ మేడం ఈ గడి గురించి మూడుసార్లు చెప్పింది. మూడోసారికి నేను పక్కవాడికి జోకు చెబుతున్నాను.

నా లిస్టులో కోటమ్మ మామ్మ ఉండేది. డెబ్బై ఎనిమిదేళ్ళని ఆధార్ కార్డు అంటుంది, "ఇంకా పైనే" అని ఆమె అంటుంది. మిరపకాయల తొడిమలు, మా వైపు మాటలో తొడాలు, తీసి బతికిన మనిషి. ఖాళీగా కూర్చున్నా వేళ్ళు ఏదో తుంచుతున్నట్టే కదులుతుంటాయి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మరిది కొడుకు శ్రీను ఇంట్లో, రేకుల వసారాలో ఆమె మంచం. నోట్లో పళ్ళు రెండే. అవీ ఎదురెదురుగా లేవు.

శ్రీను చానా మంచివాడు. ఈ వాక్యం నాదే, కేర్‌గివర్ గడిలో రాశాను. కేర్‌గివర్ అంటే ఆ ఇంట్లో ముసలివాళ్ళను చూసుకునే మనిషి. నేను వెళ్ళేసరికి పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉండేవాడు. ఇంట్లోవాళ్ళ చేత టీ ఇప్పించేవాడు. అన్నిటికన్నా ముఖ్యం, నా జోకులకు నవ్వేవాడు. నా లిస్టులో ఉన్న ముసలివాళ్ళలో సగం మందికి చెవులు వినపడవు, మిగతా సగానికి నేనెవరో గుర్తుండదు. అలాంటి చోట తొడ చరుచుకుని నవ్వే మనిషి దొరకడం ఒక అదృష్టం అనుకున్నాను.

ఫీడ్‌బ్యాక్ కూడా అతనే చెప్పేవాడు.

"పెద్దమ్మ ఏమంటందంటే తమ్ముడూ, సాంబారులో ఉప్పు తగ్గిందంట."

రాసుకునేవాణ్ణి.

"గుడ్డు కూరలో కారం చాలదంట."

రాసుకునేవాణ్ణి.

"ములక్కాడ ముక్కలు మరీ తక్కువంట. మనిషికి నాలుగైనా వెయ్యాలిగా అంటంది."

అదీ రాసుకున్నాను. రెండు పళ్ళ మామ్మ ములక్కాడలు నమిలి, చాలక ఇంకా అడిగిందని నా చేత్తో, నా పెన్నుతో రాసి కింద సంతకం పెట్టాను.

ఆమె వసారాలోంచి మా వంక చూస్తూ ఉండేది. "ఏం మామ్మా, బాగుందా?" అని అరుగు మీద నుంచే కేకేసేవాణ్ణి. తల ఊపేది. టిక్కు. ప్రైవేట్ టాక్ గడిలోనూ టిక్కు. ఆమెతో మాట్లాడిన మాట నిజమే కదా. మధ్యలో శ్రీను ఉన్నాడు, అంతే తేడా.

ఆమె క్యారేజీ మాత్రం మా వంటగదిలో పేరు తెచ్చుకుంది. మిగతావి మెతుకులు అంటుకుని, జిడ్డోడుతూ వస్తే, ఆమెది అద్దంలా వచ్చేది. పైగా మా వైపు ఎవరి గిన్నైనా ఖాళీగా తిప్పి పంపరు. ఏదో ఒకటి వేసి ఇస్తారు. ఈ కాలంలో స్టీలు క్యారేజీకి కూడా ఆ మర్యాద చేసింది మాత్రం మామ్మ ఒక్కతే. ఒకరోజు నాలుగు ఎండు మిరపకాయలు, ఒకరోజు రేగుపండంత చింతపండు, ఒకరోజు గుప్పెడు కందిపప్పు. మా వంటమనిషి మస్తానమ్మక్క వాటిని తీసి పోపులోకో పులుసులోకో వాడేది.

ఇంత మంచి సంగతి జోకు చేయకుండా నేనెట్టా ఊరుకుంటాను?

"అన్నా, మీ పెద్దమ్మ నాచేత కాపురం పెట్టించేట్టుంది. మిరపకాయలొచ్చినయి, చింతపండొచ్చింది, నిన్న కందిపప్పు కూడా వచ్చింది. ఒక్క పొయ్యి పంపిస్తే పిల్లను చూసుకుంటా" అన్నాను శ్రీనుతో.

శ్రీను నవ్వాడు. ఈసారి తొడ చరుచుకోలేదు. వసారా వైపు తిరిగి, "ఏందే పెద్దమ్మా, దానధర్మాలు చేస్తన్నావంటనే?" అన్నాడు. మామ్మ తలొంచుకుంది. సిగ్గుపడిందనుకున్నాను.

రెండు రోజులకు వంటింటి తలుపుకు కొత్త తాళం కనిపించింది. "ఏందన్నా, బంగారం దాచావా?" అన్నాను. "పిల్లి తమ్ముడూ. దొంగపిల్లి మరిగింది" అన్నాడు. ఇద్దరం నవ్వాం. మామ్మ కుడి మణికట్టు వాచి ఉంది. "కబడ్డీ ఆడావా మామ్మా?" అన్నాను. "జారిపడింది" అన్నాడు శ్రీను. దెబ్బలు అనే గడిలో 'జారిపడ్డారు' అని రాసి ఇంకో ఊరికి పోయాను.

ఆ తర్వాత వారం రోజులు క్యారేజీ ఖాళీగా వచ్చింది. కడగడం మాత్రం అద్దంలాగే. ఒకరోజు అరుగు మీద టీ తాగుతూ, "ఏంది మామ్మా, నా వాటా ఎగ్గొట్టావే" అని కేకేశాను. ఆమె మంచం మీద నుంచి సగం లేచింది. అటూ ఇటూ చూసింది. ఆ వసారాలో మంచం, ఒక దుప్పటి, నీళ్ళ బిందె తప్ప ఏమీ లేవు. "రేపు పెడతాలే నాయనా" అంది చిన్నగా. శ్రీను పెద్దగా నవ్వాడు. నేను ఇంకా పెద్దగా.

మర్నాడు పై గిన్నె మూత తీస్తే పిన్నీసు ఉంది. చీరకు పెట్టుకునేది, కాస్త తుప్పు పట్టింది.

వంటగదిలో అందరికీ కనపడేట్టు పైకెత్తి, "మామ్మ ఈసారి ఇనప సామాను పంపింది" అన్నాను. కూరగాయలు తరిగేవాళ్ళు నవ్వారు. మస్తానమ్మక్క నవ్వలేదు. చేతిలోంచి తీసుకుని పమిటకు తుడిచి చూసింది.

"తొడాల మామ్మదేనా ఇది?"

"అవును."

"చింతపండు చేతికందే ఆడది పిన్నీసు పెట్టదురా. ఇది ఒంటిమీదది."

"అంటే?"

"అంటే ఏందా? వంటింట్లోకి పోనిస్తల్లేదు. ఇంక ఆమె దగ్గర ఇదొక్కటే మిగిలింది. బొమ్మలేసి చెప్పాలా నీకు?" అని పిన్నీసు నా చేతిలో పెట్టి అడిగింది. "ఒరేయ్, ఆమె అన్నం తింటంటే నువ్వెప్పుడన్నా చూశావా?"

చూడలేదు. నేను చూసింది కడిగిన క్యారేజీ. ఖాళీ అయితే తిన్నట్టే అని లెక్క. ఎవరు ఖాళీ చేశారన్న గడి మా ఫారంలో లేదు. అందుకే ప్రైవేట్ టాక్ అని ఒక గడి పెట్టారని అప్పుడు అర్థమయింది.

ఆ సాయంత్రమే విజయ మేడానికి చెప్పాను. తిట్టలేదు. "రేపు నేనూ వస్తున్నా" అంది. తిడితే బాగుండేది.

మర్నాడు మేడం సంతకాలున్నాయని చెప్పి శ్రీనును రోడ్డు మీద జీపు దాకా తీసుకుపోయింది. నేను వసారాలోకి వెళ్ళాను. మూడు నెలల్లో ఆ రేకుల కింద అడుగుపెట్టడం అదే మొదలు. మధ్యాహ్నం రేకుల వేడికి తల మాడిపోతోంది. ఆ వేడిలో ఆమె ఉందని, టీ చల్లారిపోతోందని అరుగు మీద గొణుక్కుంటున్నప్పుడు కూడా నాకు తెలుసు. క్యారేజీ విప్పి ముందు పెట్టాను.

"వాడొస్తాడేమో."

"రాడు మామ్మా. సంతకాలు చానా ఉన్నయి."

తినడం మొదలుపెట్టింది. కలుపుకోవడానికి కూడా ఆగలేదు. వాచిన చెయ్యి ముద్ద పట్టుకోలేకపోతే ఎడంచేత్తో తింది. సాంబారులో ములక్కాడ ముక్కలు తీసి మూతలో పెట్టింది. నాలుగైదు ముద్దలయ్యాక తలెత్తింది.

"వాసన చెప్పినట్టే ఉందయ్యా."

"ఏంది మామ్మా?"

"వాడు తిని పడేస్తే రోజూ కడిగేది నేనేగా. వాసన్ని బట్టి తెలుస్తది, ఇయ్యాల పప్పు, ఇయ్యాల సాంబారని. రుచి ఇట్టాగే ఉంటదనుకునేదాన్ని."

మూడు నెలలుగా మేం మెచ్చుకుంటున్న శుభ్రం అది.

"మరి ఇన్నాళ్ళూ ఎట్టా ఉన్నావు?"

"వాళ్ళు పొలం పోయినప్పుడు వంటింట్లో ఇంత పెట్టుకు తినేదాన్ని. మధ్యలో తాళమేశాడు. రాత్రికి గంజి పోస్తారు."

"తాళం ఎందుకేశాడు?" అని అడిగాను. అడుగుతుండగానే జవాబు నాకే తెలిసిపోయింది. మామ్మ నా వంక చూసి, మళ్ళీ గిన్నెలోకి చూసింది.

"పోనీలే నాయనా. నువ్వు కావాలని అనలేదుగా."

మణికట్టు కూడా ఆ రోజుదే. గుప్పెడు కందిపప్పుకు ఆ చెయ్యి మెలిపెట్టాడు. ఆ గుప్పెడు పప్పు సంగతి అతనికి చెప్పింది నేను. దాని మీద జోకు వేసింది నేను. ఆ జోకుకు టీ తాగింది నేను.

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా మామ్మా" అన్నాను. నేరం ఆమె మీదకు నెట్టడానికి చివరిసారి ప్రయత్నించాను.

"చెబుదామనే రోజూ నీ వంక చూసేదాన్ని. నువ్వూ వాడూ నవ్వుకుంటుంటిరి. మీరంత నవ్వుకునే దగ్గర నేనేం చెప్పేది?"

జీపు దగ్గర శ్రీను గొంతు లేస్తే అటు పోయాను. "ఆమెకు అరగదు మేడం. తింటే రాత్రిళ్ళు బయటికి పోవాలంటది, ఎవరు లేస్తారు? పారబోయటమెందుకని నేను తిన్నా." నన్ను చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు, "నువ్వు చెప్పు తమ్ముడూ, నా సంగతి నీకు తెలుసుగా" అన్నాడు. కాదంటే నా రాతంతా అబద్ధమని ఒప్పుకోవాలి. అతను మంచివాడని ఫారం నిండా నేనే రాశాను.

ఆర్డీవో ఆఫీసులో ముసలివాళ్ళ ఫిర్యాదులు వింటారు. మామ్మ పోలీసుల దగ్గరికి రానంది. "ఎత్తుకుని పెంచినోణ్ణి స్టేషన్ మెట్లు ఎక్కించలేను" అంది. ఇక్కడికి మాత్రం వచ్చింది. శ్రీను తన వైపు చూపించిన ఒకే ఒక్క సాక్ష్యం నా ఫారాలు. 'కేర్‌గివర్ చానా మంచివాడు.' ఆఫీసరు ఒక్కొక్కటే చదువుతూ ములక్కాడల దగ్గర ఆగాడు. మామ్మ వంక చూశాడు, తర్వాత నా వంక.

"ఈ ఫీడ్‌బ్యాక్ ఈవిడదేనా?"

"కాదు సార్. ఆయన చెప్పాడు, ఆమె పేరు మీద నేను రాశాను. ఆమెను నేనెప్పుడూ అడగలేదు."

"మరి ప్రైవేట్ టాక్ అని ఈ టిక్కులు?"

"అవి కూడా అబద్ధమే సార్."

ఆ గదిలో పది మంది దాకా ఉన్నారు. అంతమంది ఒకేసారి నా మాట శ్రద్ధగా వినడం అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు.

మామ్మ ఇష్టమున్న చోట ఉండవచ్చని, శ్రీను అడ్డుపడకూడదని తేల్చారు. ఆమె ఇప్పుడు మా వంటగది వెనక గదిలో ఉంటుంది, మస్తానమ్మక్క పక్కన. నా ఉద్యోగం పోలేదు. మూడు నెలలు జీతం లేకుండా ట్రైనింగ్ మళ్ళీ మొదటి నుంచి చేయించారు. ప్రైవేట్ టాక్ గురించి మేడం ఈసారి ఒక్కసారే చెప్పింది.

ఈ కేసు నాకు నేర్పింది చిన్న సంగతే. ముసలివాళ్ళ ఇంటికి పోతే నా మాటలకు ఎవరు నవ్వుతున్నారని కాదు, ఎవరు నవ్వడం లేదని చూడాలి. క్యారేజీ ఇచ్చి కదలకుండా కూర్చుంటాను, వాళ్ళ చెయ్యి వాళ్ళ నోటి దాకా పోయేదాకా. రోజూ ఆలస్యమవుతుంది. కానివ్వండి.

మధ్యాహ్నం క్యారేజీలు తిరిగొచ్చాక మామ్మే మూతలు తీస్తుంది. "ఈ ఇంట్లో సరిగ్గా తిన్లేదు, కనుక్కోరా" అని చెబుతుంది. ఒకసారి, "నీ ఎకసెక్కాలు ఏమయినయిరా, మూగోడివైపోయావు?" అంది. ఇంకో క్యారేజీ ఆమె ముందుకు జరిపాను.

పోయిన నెలలో ఒకరోజు, ఆకలితో మామ్మ ఎట్టా కడిగేదో చూద్దామని, ఎవరికీ చెప్పకుండా, పొద్దున్నుంచి ఏమీ తినకుండా వచ్చి క్యారేజీలు కడగడానికి కూర్చున్నాను. ములక్కాడ సాంబారు రోజు. మూడో క్యారేజీ మూత తీసేసరికి నోట్లో నీళ్ళూరి, కళ్ళు తిరిగి, మిగతావి అక్కడే వదిలేసి లేచిపోయి పళ్ళెం పట్టుకున్నాను. నేను కడిగిన రెండింటినీ మస్తానమ్మక్క మళ్ళీ కడిగింది. జిడ్డు పోలేదంది.