తీర్థం చెంచా మీద నిప్పురవ్వ

నిన్న ఉన్ని శాలువాతో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి గొళ్ళెం ముట్టుకోగానే వేలు చురుక్కుమంది. చిన్నప్పుడు మక్తల్‌లో జరిగిన భజన గుర్తొచ్చింది.

చలికి మా బాపు గరుకు ఉన్ని గొంగడి కప్పుకుని, నున్నటి ప్లాస్టిక్ కుర్చీలో ఊగుతూ పాడాను. తీర్థానికి లేచి చెయ్యి చాపితే, తీర్థం పోస్తున్న పెద్దాయన రాగి చెంచా నుంచి నా వేలికి నిప్పురవ్వ దూకింది.

"గొర్ల కంపుతోటి వస్తే దేవుడు ఊకుంటడా? నడువు పోరీ, బయటికి!" అన్నాడు. నూలు గౌన్ల పిల్లలు కిసుక్కున నవ్వారు. వాళ్ళకు నిప్పు పుట్టలేదు.

"దేవునికి నామీద కోపమా, అవ్వా?" అని ఇంటికొచ్చి మా అమ్మను అడిగాను.

"సప్పుడు జెయ్యకు. జర దూరం జరుగు."

గరుకు ఉన్ని నున్నటి ప్లాస్టిక్‌కు రాసుకుంటే కరెంటు పుడుతుందని తర్వాత బడిలో చదివాను. ఆ దేవుణ్ణి ఇప్పటికీ రోజూ కొలుస్తాను. అవ్వ మాత్రం చనిపోయేదాకా నాకు ప్రసాదం పైనుంచే వేసింది, వేళ్ళు తగలకుండా.