గద్దింపు మాస్టారి ఎనభై

విమానం నడపడం నేర్పే ఆయన్ని అందరూ గద్దింపు మాస్టారనే అనేవారు. శిష్యులకు ఆయన పెట్టిన నియమం ఒక్కటే: ముందు చెప్పింది చెయ్యాలి, ప్రశ్నలన్నీ కిందికి దిగాకే. ఆయన అరుపుకి భయపడి విమానం దానంతటదే దిగిపోతుందని చాటుగా నవ్వుకున్నవాళ్లు కూడా ఎదురుగా కిక్కురుమనేవారు కాదు. సొంత కూతురికైనా మినహాయింపు లేదు.

ఆ పొద్దున పాఠానికి తండ్రీకూతుళ్లెక్కింది వేరే చోటి నుంచి వచ్చిన పాత విమానం. చిన్నదే గానీ మహా జోరు. అందులో వేగం చూపే డయల్ మీద పెద్ద అంకెలు గంటకి మైళ్లవి, లోపలి చిన్న అంకెలు విమానాలవాళ్లు వేగం కొలిచే నాట్‌లవి. ఎనభై నాట్‌లంటే తొంభై రెండు మైళ్లు. కూతురు ఆ సంగతి ఎత్తబోయింది. ఏళ్ల తరబడి నాట్‌లు తప్ప మరోటి చూడని మాస్టారు, "నాకే పాఠాలా?" అని నోరు మూయించారు.

రన్‌వే దగ్గరవుతోంది. దిగేటప్పుడు ఎనభై నాట్‌లుండాలి. వేగం ఎక్కువైతే విమానం నేల తాకకుండా తేలిపోతుంది, మరీ తక్కువైతే రాయిలా పడుతుంది. నడుపుతున్న కూతురు చిన్న అంకెల్లో ఎనభై పట్టుకునే ఉంది. మాస్టారి కళ్లు మాత్రం అలవాటుకొద్దీ పెద్ద అంకెల మీద పడ్డాయి. ముల్లు తొంభై దాటి ఉంది.

"తగ్గించు. ఎనభై."

"నాన్నా, అది..."

"ముందు చెయ్."

ఆమె ఇంజను తగ్గించి ముక్కు ఎత్తింది. ముల్లు పెద్ద ఎనభైకి దిగి, అక్కడా ఆగకుండా జారింది. రెక్కలు గాలి మీద పట్టు తప్పబోతున్నాయని చెప్పే కూత కీచుమంది. విమానం వణికింది. అప్పుడు కనబడ్డాయి మాస్టారికి ఆ చిన్న అంకెలు. ఆయన చెప్పకముందే కూతురు చటుక్కున ముక్కు దించి, ఇంజనుకి పూర్తి బలమిచ్చింది. చెట్ల కొసలు దాదాపు తగిలినంత పనై, విమానం మెల్లగా పైకి లేచింది.

చుట్టు తిరిగి వచ్చేదాకా ఆయన ఆ చిన్న అంకెల్నే చూస్తూ కూర్చున్నారు. తన మాట విన్నందుకే బిడ్డ ప్రాణం పోయేదన్న తలపు ఆయన్ని వదల్లేదు.

మళ్లీ రన్‌వే ఎదురైంది. ముల్లు పెద్ద అంకెల్లో తొంభై రెండు. ఆమె గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు, ఉన్నది భయమే.

"తగ్గించనా నాన్నా?"

ఇంకా తననే అడుగుతోంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నన్నడక్కమ్మా. నీకు సరైందనిపించింది చెయ్."

చక్రాలు మెత్తగా నేలని తాకాయి. ఇంజను ఆగింది. కూతురు పక్క తలుపు తీయబోతుంటే ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"పొద్దున ఏదో చెప్పబోయావు కదమ్మా. ఇప్పుడు చెప్పు, వింటాను."