పాప వీడియోల కోసం వెళ్ళిన సదస్సులు

2010 నాటికి కామారెడ్డి స్టేషన్ రోడ్డులో నాకు ఒక ఇంటర్నెట్ సెంటరు ఉండేది. పిల్లల హాల్ టికెట్లు, గల్ఫ్ వెళ్ళేవాళ్ళ వీసా కాగితాలు ప్రింట్ తీసివ్వడం, చెడిపోయిన కంప్యూటర్లు బాగు చేయడం నా పని. ఎల్లారెడ్డిలో ఫొటో స్టూడియో నడుపుతూ పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే ఒకాయన తరచూ నా దగ్గరికి వచ్చేవాడు. నాకన్నా పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలిచేవాణ్ణి.

అంతకు ముందు ఏడాది వానాకాలంలో ఆయన కూతురు జ్వరంతో చనిపోయింది. అప్పుడప్పుడే బడికి పోవడం మొదలుపెట్టిన పిల్ల. హైదరాబాదు ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఆ పిల్ల బట్టలూ బొమ్మలూ బడి సంచీ మూటగట్టి వాగులో వదిలేశారు. తల్లి కంట పడకూడదని అలా చేశారట. ఒక ఫొటో, స్టూడియో కంప్యూటర్లో కొన్ని వీడియోలు మాత్రం మిగిలాయి. కెమెరా సరిచూసుకోవాలన్నా, కొత్త లైటు తెచ్చినా ఆయన ముందు ఆ పిల్లనే నిలబెట్టి తీసేవాడు.

ఒకరోజు సెంటరుకు వచ్చి, "తమ్మీ, హార్డ్ డిస్కు ఎన్నేండ్లు బతుకుతది?" అని అడిగాడు.

"చెప్పలేమన్నా. ఒకటి పదేండ్లు నడుస్తది. ఇంకోటి రేపే పోతది."

ఆయన ముఖం చూశాక అలా అనకపోతే బాగుండుననిపించింది. హైదరాబాదులో కంప్యూటర్ కంపెనీలు సదస్సులు పెడుతుంటాయనీ, డేటా పోకుండా ఎలా దాచాలో అక్కడ చెబుతారనీ, ముందే పేరు రాయించుకుంటే ఎవరినైనా రానిస్తారనీ చెప్పాను. "నన్ను గూడ తోల్కపో" అన్నాడు.

పొద్దున రైల్లో పోయాం. పెద్ద హోటల్లో చలి పుట్టించే హాలు. గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మాయి మా మెడలో వేసే కార్డుల కోసం "మీ కంపెనీ?" అని అడిగితే, అన్న "ఫొటో స్టూడియో, ఎల్లారెడ్డి" అన్నాడు. కార్డు వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. మాట్లాడినవాళ్ళంతా ఇంగ్లీషులోనే మాట్లాడారు. నాకు అర్థమైనంత ఆయన చెవిలో చెబుతూ వచ్చాను. ఒకాయన తెర మీద బొమ్మ వేసి, మన ఫైళ్ళు దూరదూరాన వేర్వేరు చోట్ల ఉంటాయనీ, ఒక భవనం కాలిపోయినా వాటికి ఏమీ కాదనీ వివరించాడు. దీన్నే క్లౌడ్ అంటారన్నాడు.

అన్న నా మణికట్టు పట్టుకున్నాడు. "ఏం కాదంటున్నడా? మంచిగ ఇను తమ్మీ. ఏం కాదా?"

"ఏం కాదంటున్నడన్నా."

ఆ తర్వాత ఇంకో సదస్సుకు పోయాం, మళ్ళీ ఇంకోదానికి. తెలంగాణ సమ్మె వల్ల బస్సులు నడవని రోజుల్లో కూడా ఆయన ఎల్లారెడ్డి నుంచి బండి మీద వచ్చి నాతో రైలెక్కేవాడు. చివరికి ఉచితంగా చోటిచ్చే ఒక విదేశీ కంపెనీలో ఆయన పేరు మీద ఖాతా తెరిచాం.

ఎల్లారెడ్డిలో నెట్ అందేది కాదు. కంప్యూటర్లోంచి డిస్కు విప్పి సంచిలో పెట్టుకుని నా సెంటరుకే వచ్చి మూల కంప్యూటర్ దగ్గర కూర్చునేవాడు. ఒక్కో వీడియో ఎక్కడానికి పూటంతా పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే. "పట్టనీ తమ్మీ. పోతున్నది గద పైకి" అనేవాడు. ఒకసారి తన చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి నాకు పెట్టాడు. పిల్ల అంకెలు చదువుతూ చదువుతూ మరిచిపోయి నవ్వింది. "బాపూ, ఇగ బంద్ చెయ్యి" అంది. నేను ఎక్కువసేపు వినలేకపోయాను.

ఆయన భార్య మాత్రం ఆ వీడియోలు చూసేది కాదు. ఆయన పెడితే లేచిపోయేది. ఒకసారి ప్రింటర్ బాగు చేయడానికి నేను ఎల్లారెడ్డి వెళ్ళినప్పుడు వదినె చాయ్ తెచ్చిచ్చి నిలబడింది.

"ఆ మీటింగులల్ల ఏం చెప్తరు తమ్మీ? పోయినోళ్లను తెచ్చిస్తరా?"

అన్న కాగితాలు సర్దుతూనే ఉన్నాడు. నేను చాయ్ పక్కన పెట్టి ప్రింటర్ మూత బిగించాను.

2012 ఎండాకాలంలో వోల్టేజీ ఎక్కువై స్టూడియో కంప్యూటర్ కాలిపోయింది. డిస్కును హైదరాబాదు తీసుకెళ్ళి చూపించాను. లాభం లేదన్నారు. నేను భయపడుతూ చెబితే ఆయన నాకే ధైర్యం చెప్పాడు. "పైన ఉన్నయి గద తమ్మీ. మనం తిరిగి తిరిగి నేర్చుకున్నది గిందుకే."

మరుసటి ఏడాది కొత్త కంప్యూటర్ కొన్నాక, వీడియోలు దించుకోవడానికి వచ్చాడు. ఆ కంపెనీ పేజీ తెరిస్తే పేరూ పాస్‌వర్డూ కొట్టే గడులు లేవు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలున్నాయి. సేవలు ఆపేశామనీ, ఫైళ్ళన్నీ తీసేశామనీ, అందరికీ ముందే మెయిల్ పంపామనీ. ఖాతా కోసం నేను చేసిచ్చిన ఆ మెయిల్‌ను తర్వాత మేమెవరం తెరిచి చూడలేదు.

"ఏమని రాసిర్రు?"

చెప్పాను.

"పాస్‌వర్డ్ తప్పు కొట్టినవేమో. మల్లొకసారి సూడు."

"కొట్టే జాగనే లేదన్నా."

ఆయన తెరకు దగ్గరగా వంగి, చదవరాని ఆ ఇంగ్లీషును మొదటి నుంచి చివరిదాకా వేలితో తడుముతూ పోయాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "మీ వదినెకు నువ్వే చెప్పు. నాతోని కాదు" అన్నాడు.

ఇద్దరం ఎల్లారెడ్డి బస్సెక్కాం. వదినె అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. నేను చెప్పింది విని, ఏరడం ఆపకుండా అలాగే కూర్చుంది. ఆమెకు ఆ వీడియోలు అక్కరలేదనే అనుకున్నాను. కాసేపటికి చేతులు ఆగిపోయాయి.

"నేను ఒక్కసారన్న సూడలే తమ్మీ. జర గుండె గట్టిగైనంక సూద్దామనుకున్న. యాడికి పోతయి, ఉంటయి గద అనుకున్న. మీరిద్దరు పోయి నేర్చుకొస్తనే ఉంటిరి."

ఆమె ఏడుపు వినలేక అన్న లేచి రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

2014లో మళ్ళీ ఒక సదస్సు ఉందని తెలిసి అన్నే వస్తానన్నాడు. ఇద్దరం పోయాం. ప్రశ్నలు అడగమన్నప్పుడు ఆయన లేచి మైకు తీసుకున్నాడు.

"సార్, కంపెనీ మూతపడితె అండ్ల ఉన్నోళ్లు ఏమైతరు?"

వేదిక మీదాయన తెలుగువాడే. "ఉద్యోగుల సంగతా అండీ? ఈ రంగంలో వాళ్ళకేం ఫరవాలేదు, ఇంకో కంపెనీలో దొరుకుతుంది" అన్నాడు నవ్వుతూ. హాల్లో కొందరు నవ్వారు.

"ఉద్యోగులు గాదు సార్..." అని అన్న ఆగిపోయాడు. వెనక వరుసలో ఎవరో చెయ్యెత్తితే మైకు అటు వెళ్ళిపోయింది. నేను ఆయన్ని భుజం పట్టి బయటికి తీసుకొచ్చాను. అన్నం ముట్టలేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక, "ఇగ నేను రాను తమ్మీ" అన్నాడు. ఆ తర్వాత సదస్సులకు నేనొక్కణ్ణే పోయాను. ఆయన పెళ్ళి వీడియోలు తీయడం మానేశాడు. స్టూడియోలో ఫొటోలు మాత్రం తీసి, ప్రింట్ వేసి ఇస్తున్నాడు.

ఆ వానాకాలం నాగిరెడ్డిపేట నుంచి వస్తున్న బస్సులో వదినె కనబడింది. ఎక్కడికి పోయావని అడిగాను. అన్న పెళ్ళిళ్ళకు వీడియో తీయడానికి పోయినప్పుడు కొన్నిసార్లు పాపను వెంట తీసుకుపోయేవాడట. ఆ పెళ్ళిళ్ళు జరిగిన ఇళ్ళకు ఈమె ఒక్కొక్కదానికీ పోయి, పెళ్ళి వీడియో డిస్కు పెట్టించుకుని, పాప ఎక్కడైనా పడిందేమోనని మొదటి నుంచి చివరిదాకా చూసి వస్తోంది.

"కనబడ్డదా వదినే?"

"ఇంకా లేదు. ఇయ్యాల పోయిన ఇంట్ల డిస్కు నడుమ ఆగింది. తుడిచి పెడ్తం, మల్ల రా అన్నరు."

"నాకియ్యమను, నేను బాగు చేస్త."

"వొద్దు తమ్మీ. అది ఆళ్ల పెండ్లిది, ఆళ్లింట్లనే ఉండనీ. నేనే మల్ల పోతా" అని, కొంగుతో ముఖం తుడుచుకుని కిటికీ వైపు తిరిగింది.