అమ్మమ్మ ఒట్టు, నాన్న హ్యూమిడిఫయర్

మా చిన్నప్పుడు, ఫార్మింగ్టన్ హిల్స్ ఇంట్లో చలికాలం వచ్చిందంటే తలుపు పిడి ముట్టుకోవాలన్నా భయమే... చురుక్కున షాక్ కొట్టేది. బయట మోకాలెత్తు మంచు. లోపల హీటర్ గాలికి పెదాలు పగిలేవి. నట్టింట్లో వడియాలు పెట్టినా ఎండిపోయేంత పొడి.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ కడుపుతో ఉంది. పురుడు పోయడానికి అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఆ డిసెంబరులోనే నాకు ముక్కులోంచి రక్తం కారడం మొదలైంది.

"వేడి చేసింది" అని తేల్చేసింది అమ్మమ్మ. అంతే... నా కంచంలోంచి ఆవకాయ మాయం. గడ్డకట్టే చలిలో రోజూ సబ్జా నీళ్ళు, మజ్జిగన్నం.

నాన్న దారి వేరు. గాలి పొడిబారడం వల్లేనని డాక్టరు చెప్పగానే గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ల మీద పడ్డాడు. కారు కంపెనీలో ఇంజనీరు మరి. గదిలో పెట్టుకునే చిన్నదా, బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్‌కి బిగించి ఇల్లంతటికీ తేమ పంపే పెద్దదా... డైనింగ్ టేబుల్ నిండా ప్రింటవుట్లే. "ఈయన చదవడం అయ్యేలోపు నాకు నొప్పులొచ్చేస్తాయి" అనేది అమ్మ.

చివరికి చిన్నదే చాలన్నాడు. రక్తం వచ్చేది నాకొక్కదానికే కదా, నా గదిలో పెడితే సరిపోతుందని.

మర్నాడు పొద్దున బాత్‌రూమ్ తలుపు తోస్తే, అమ్మమ్మ పైటచెంగు కుళాయి కింద పెట్టి రుద్దుతోంది. నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి, నాకు తోడంటూ వారం నుంచి మజ్జిగన్నమే ఎందుకు తింటోందో అప్పుడు అర్థమైంది.

"మీ అమ్మకి చెప్పకే అమ్మలూ" అంది. "నాకీ గాలి పడలేదంటే కంగారుపడి పంపించేస్తుంది. దాని పురుడెవరు పోస్తారు? నా మీద ఒట్టు." నా చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

ఒట్టు తప్పితే ఆ మనిషికి ఏమవుతుందో పిల్లలందరికీ తెలుసుగా... చెబితే ఒక భయం, చెప్పకపోతే ఒక భయం. ఆ రోజు స్కూల్లో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

సాయంత్రం నాన్న కారు తాళాలు తీసుకుని బయల్దేరుతుంటే అడ్డం నిలబడ్డాను. "నాన్నా, నా రూమ్‌లో వద్దు. అమ్మమ్మ రూమ్‌లో పెట్టు."

"రక్తం వచ్చేది నీకు కదమ్మా?"

"అమ్మమ్మ రూమ్‌లోనే పెట్టు" అంటూ ఏడుపందుకున్నాను. ఎందుకో మాత్రం చెప్పలేదు.

నాన్న నా వైపు చూశాడు. సోఫాలో ఉన్న అమ్మమ్మ వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుంది. నాన్న తాళాలు పక్కన పెట్టి, ఫర్నేస్ బాగుచేసే మనిషికి ఫోన్ చేశాడు. "పెద్దదే పెట్టిద్దాం, పుట్టబోయే బేబీకి కూడా మంచిది" అన్నాడు అమ్మతో. తర్వాత అమ్మమ్మ వైపు తిరిగి, "మీరు లేకుండా ఈ పురుడు మా వల్ల కాదండీ అత్తయ్యగారూ" అన్నాడు, నెమ్మదిగా.

అది బిగించిన వారానికి షాకులు తగ్గాయి. ముక్కులూ తెరిపిన పడ్డాయి. అమ్మమ్మ మళ్ళీ ఆవకాయ కలుపుకుంటూ, "చూశావా, సబ్జా ఎలా పనిచేసిందో" అంది. ఫిబ్రవరిలో చెల్లి పుట్టింది. ఇంటికి తెచ్చాక మొదటి నీళ్ళు అమ్మమ్మే పోసింది.

నాన్నకి తెలిసిపోయిందని ఆవిడకీ తెలుసు. అయినా ఇద్దరూ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. అదీ వాళ్ళ మర్యాద.

ఇప్పుడు మా ఇంట్లో ఏ గదిలో ఎంత తేమ ఉందో ఫోన్‌లోనే కనిపిస్తుంది. పక్క గదిలో మనిషికి ఏం బాధో మాత్రం, వాళ్ళు మెసేజ్ పెడితేగానీ తెలియట్లేదు... నోరు విప్పకముందే మీ కష్టం కనిపెట్టినవాళ్ళు మీకెవరున్నారు? వాళ్ళ గురించి రెండు ముక్కలు రాయండి... మా నాన్నకి చదివి వినిపిస్తాను.