కోటిలో మిగిలిన ఒకటి

నాయన బెల్లం మండీలో తూకం వేస్తూనే పడిపోయాడు. పక్షవాతం. మాటా, కుడిచెయ్యీ పోయాయి. ఆ సాయంత్రమే అమ్మ రామకోటి మొక్కుకుంది. ‘శ్రీరామ’ అని కోటిసార్లు రాసి గుడికి ఇస్తే ఆ చెయ్యి తిరిగొస్తుందని నమ్మింది. నేనప్పుడు చిత్తూరు కాలేజీలో లెక్కలు చదువుతున్నాను. కోటి అంటే నాకు ఒకటి పక్కన ఏడు సున్నాలు, అంతే.

“ఒక్కదానివే రాస్తే నీ జన్మంతా చాలదు మా,” అన్నాను.

అమ్మ, అక్క, నేను పంచుకుందామని కూర్చుంటే అక్కడే చిక్కొచ్చింది. కోటిని కారణాంకాలుగా ఎంత విడగొట్టినా ఏడు రెండ్లూ ఏడు అయిదులే వస్తాయి. మూడుకి అందులో చోటు లేదు. తలా ముప్పైమూడు లక్షల ముప్పైమూడు వేల మూడువందల ముప్పైమూడు పోగా ఒకటి మిగిలింది. ఇంకెన్ని సున్నాలు చేర్చినా ఆ ఒకటి పోదని గొప్పగా చెప్పాను. కొత్తగా చదువుకున్నవాడి నోరు ఊరుకోదు కదా.

“ఆ ఒగటి మీ నాయనది. చెయ్యి రాంగానే ఆయనే రాస్తాడు,” అంది అమ్మ.

మంచం మీది నుంచి నాయన వింటూనే ఉన్నాడు.

ఏళ్ళు రాశాం. మొదట భక్తి ఉండేది, తర్వాత రాముడి మీద కోపం, ఆ తర్వాత ఏదీ లేదు. అక్కకు ఊళ్ళోనే పెళ్ళయింది, నాకు ఉద్యోగం వచ్చింది. అన్నం తిన్నట్టే రామకోటి పుస్తకాల్లో గడులు నింపేవాళ్ళం. చివరికి ముగ్గురి వాటాలూ పూర్తయి, ఆఖరి పుస్తకంలో ఆఖరి గడి ఒకటి ఖాళీగా ఉండిపోయింది.

“నాయన చెయ్యి పట్టుకోని మనమే రాయిద్దాం మా,” అంది అక్క.

“అట్ట రాస్తే మనం రాసినట్టే. ఆయన రాసినట్టు కాదు,” అంది అమ్మ.

రోజూ పొద్దున్నే అమ్మ నాయన వేళ్ళ మధ్య కలం పెట్టేది. అది జారి దుప్పటి మీద పడేది. ఒక వానాకాలం నాయన పోయాడు. నాకు ఏడుపు రాలేదు.

“దున్నపోతు మింద వాన కురిసినట్టు కూర్చున్నాడు సూడు,” అని మేనత్త నలుగురిలో అంది. నిజమే, ఆ మాటకీ నాకేమీ అనిపించలేదు.

సంవత్సరీకం అయ్యాక పుస్తకాలన్నీ బండికెత్తి ముగ్గురం గుడికి తీసుకెళ్ళాం. పూజారి చివరి పుట తిప్పి చూశాడు.

“ఒగటి తక్కువుండాది గదమ్మా. ఈడే రాసెయ్యండి,” అని కలం అందించాడు.

అమ్మ తీసుకోలేదు. “అది మా వంతు కాదు సామీ,” అంది.

తిరిగొస్తూ అలవాటుకొద్దీ మనసులో భాగించాను. తొంభైతొమ్మిది లక్షల తొంభైతొమ్మిది వేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది. మూడుతో చక్కగా పోయింది. అమ్మకీ అక్కకీ నాకూ సరిసమానంగా వచ్చింది, ఇంకెవరి వంతూ లేదు.

అప్పుడొచ్చింది ఏడుపు, బజారు మధ్యలో.