తూకం చూసి కొన్న ల్యాప్‌టాప్

ఆ రోజుల్లో ఫొటోగ్రాఫర్ అనేవాడికి దేవుడిచ్చిన వరం ఒకటుండేది. తీసింది ఎలా వచ్చిందో పక్కవాడికి తెలిసేది కాదు. కెమెరా వెనకున్న అగ్గిపెట్టెంత తెరను అరచేత్తో కప్పేసి "అద్భుతంగా వచ్చిందండీ" అనేస్తే, ఆ అద్భుతం అసలు రంగు బయటపడేసరికి పెళ్లి అయిపోయి, అల్లుడి అలకలు కూడా తీరిపోయేవి. శ్రీకాకుళంలో మా మావయ్య (అమ్మకు తమ్ముడు) స్టూడియో ఇరవయ్యేళ్లు ఈ వరం మీదే నడిచింది. నేను అందులో చేరిన ఏడాదే ఆ వరం కాస్తా పోయింది. పోగొట్టింది రెండు బారల పొడవున్న ఒక నారింజ రంగు తీగ. దాని ఒక కొస కెమెరాకి, రెండో కొస ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే, ఇక్కడ నొక్కిన ఫొటో అక్కడ తెర మీద అందరి ముందూ పడుతుంది. అంటే మన తప్పుకి పుట్టిన క్షణంలోనే బారసాల జరిగిపోతుందన్నమాట.

ఆ తీగ మా మెడకు చుట్టుకోవడానికి కారణం ఊళ్లో ఒక బంగారు కొట్టు వారి పెద్దమ్మగారు. కొట్టు నడిపేది కొడుకులే అయినా, ఆవిడ దగ్గితే షట్టరు దానంతటదే లేచేదని ప్రతీతి. ఆవిడ చూపు తగిలితే గిల్టు నగ అక్కడికక్కడే నల్లబడిపోతుందని కూడా చెప్పుకునేవారు. (నేను కళ్లారా చూడలేదు. చూసేంత దగ్గరగా వెళ్లే ధైర్యం నాకెప్పుడూ లేదు.) తరతరాల ఇంటి నగలను కొట్టు క్యాలెండరు మీద వేయించాలని ఆవిడకు బుద్ధి పుట్టింది. మమ్మల్ని పిలిపించి షరతు చెప్పారు.

"ఒక నగ పెట్టిలోంచి బయటికొస్తే, దాని ఫొటో తెర మీద నాను సూడాల. సూశాక నగ పెట్టిలోకెల్లాల. అప్పుడే రెండోది బయటికొస్తాది. మా ఇంట్లో రెండు నగలు ఒక్కపాలి గాలి పీల్సవు. తెలిసిందా?"

"అలగేనమ్మా" అన్నాడు మావయ్య, అమ్మవారికి మొక్కుకున్నట్టు. వీధిలోకి వచ్చాక నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరే, తీగ తగిలించడానికి మనకి ల్యాప్‌టాప్ ఎక్కడ ఉన్నాదిరా? నువ్వు డిగ్రీ సదివినోడివి, నువ్వే ఎంచి కొను. తేడా వస్తే మాత్రం మీ నాన్నకి నాను సమాధానం సెప్పలేను."

అసలు చిక్కు అక్కడే. మా నాన్నది కోటబొమ్మాళిలో ధాన్యం వ్యాపారం. నన్ను స్టూడియోకి పంపేటప్పుడు ఒకటే మాట అన్నాడు: "ఏడాది సూస్తాను. ఫొటోలు అచ్చి రాకపోతే వచ్చి కాటా దగ్గర కూకో." ఆ ఏడాది ఇంకో రెండు నెలల్లో తీరిపోతుంది. కాటా అంటే నాకు పులి. ధాన్యం దుమ్ము తగిలితే చాలు, నేను తుమ్మే తుమ్ముకి అర బస్తా తాలు ఎగిరి పక్క కొట్లో పడేది. పెద్దమ్మగారి క్యాలెండరు చెడితే నా బతుకంతా ఆ తుమ్ములోనే గడిచిపోతుంది.

ఆ భయంతోనే విజయనగరం వెళ్లి ల్యాప్‌టాప్‌ల కొట్లో అడుగుపెట్టాను. అమ్మే అబ్బాయి ప్రాసెసరు, ర్యాము అంటూ సహస్రనామం మొదలుపెట్టాడు. నాకు ఒక్క ముక్క తలకెక్కలేదు. అయోమయంలో మనిషికి తండ్రి నేర్పిన విద్యే దిక్కు. మా నాన్న ధాన్యాన్ని దోసిట్లో పోసుకుని ఎగరేసి చూసేవాడు. బరువుంటే గింజ, తేలిపోతే తాలు. నేను వరసగా ఒక్కో ల్యాప్‌టాప్ కింద అరచెయ్యి పెట్టి కాస్త ఎగరేసి చూశాను. అబ్బాయి ఊపిరి బిగబట్టి నా చేతుల వెంటే తన చేతులు తిప్పాడు. "సార్, ఇది సన్నంగా ఉంటాది, స్పీడు కూడా" అని ఒకటి చూపించాడు. విస్తరాకంత తేలిగ్గా ఉంది. తాలు! చివరికి మూలనున్న ఒక నల్లటిదాన్ని ఎత్తబోతే నడుం పట్టింది. "ఇదీ సరుకంటే" అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో అది నా ఒళ్లో కూర్చుంటే, బస్సు దిగాక కాళ్లు ఉన్నాయో లేవో తడిమి చూసుకోవలసి వచ్చింది.

మర్నాడు స్టూడియోలో పరీక్ష పెట్టాం. ఇత్తడి చెంబుని ఎదురుగా నిలబెట్టి, తీగ తగిలించి నొక్కాను. తెర నల్లగా ఉండిపోయింది. మావయ్య టీ కొట్టుకి వెళ్లి, టీ తాగి, కొట్టువాడి మేనకోడలి పెళ్లి సంబంధం గురించి అంతా విని వచ్చాడు.

"ఫొటో వచ్చిందేట్రా?"

"దారిలో ఉన్నాది మావయ్యా."

అప్పటికి చెంబు మూతి మాత్రమే దిగింది. "ఆవిడ ముందు ఇలగ దిగితే నగ పెట్టిలోకెల్లదు, మనం ఇంటికెల్లం" అన్నాడు మావయ్య. "ఇది ల్యాప్‌టాపేట్రా? రుబ్బురోలు!"

రోలుని మోసుకుని బస్సుల కాంప్లెక్స్ వెనక సందులో రిపేరు కొట్టుకి పరుగెత్తాను. అక్కడి పెద్దాయన్ని అందరూ మరల (స్క్రూల) బాబాయి అనేవారు. ఆయన దాన్ని బోర్లా పడుకోబెట్టి, చెవి ఆనించి విన్నాడు. "ఒంట్లో బలం ఉన్నాది గానీ, డిస్కు గానుగెద్దులాగ తిరుగుతన్నాది బాబూ. తిరగని రకం డిస్కు వేద్దుం. ర్యాము కూడా పెంచుదుం" అని మరలన్నీ విప్పి టీ సాసర్లో పోశాడు. కొత్తవి పెట్టి, మళ్లీ బిగించి, చేతులు దులుపుకున్నాడు. సాసర్లో ఆవగింజంత మర ఒకటి మెరుస్తూ ఉంది.

"బాబాయ్, ఒకటి మిగిలింది!"

"మిగిలితే మంచిదే కదేటి? తక్కువైతే భయపడాల గానీ."

ఇక భయపడకుండా ఎలా ఉంటాను? ఇప్పుడది నొక్కీ నొక్కగానే ఫొటో చూపిస్తోంది. కానీ చేత్తో ఎగరేసి చూస్తే పాత డిస్కు పోయిన మేరకు తేలికైనట్టు అనిపించింది. పైగా ఎక్కడో ఒక మర లేదు. ఆ మరను చొక్కా జేబులో గుండెకి ఆనించి పెట్టుకుని, ఉన్న దేవుళ్లందరికీ తలో కొబ్బరికాయ మొక్కాను.

ఫొటోల రోజు ఉదయం పెద్దమ్మగారు హాల్లో కుర్చీ వేసుకుని, నగల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మొదట వంకీ బయటికొచ్చింది. నేను నొక్కాను. నొక్కిన చప్పుడు వినగానే మావయ్య, ఇరవయ్యేళ్ల అలవాటు కొద్దీ, తెర వైపైనా చూడకుండా "అద్భుతంగా వచ్చిందమ్మా!" అన్నాడు. వెనక్కి తిరిగితే తెర నిండా అమావాస్య. లైటు వెలగలేదు.

"అద్భుతమంటే ఇదేనేటి?" అన్నారు ఆవిడ. హాల్లో గోడ గడియారం కూడా ఒక టిక్కు మింగేసింది. నేను లైటు సరిచేశాను. వంకీ పడింది, కంటె పడింది, జడబిళ్ల పడింది. ఒక్కోటీ తెర మీద చూసి, "ఊఁ" అని, పెట్టెలో పెట్టేస్తున్నారు. ఒక్కో "ఊఁ"కీ నేను కోటబొమ్మాళి నుంచి ఒక్కో స్టేషను దూరం జరుగుతున్నాను.

ఆఖరిది కాసులపేరు. ఫొటో పడింది. దగ్గరగా చూద్దామని పెద్దమ్మగారు లేచారు. ఆవిడ కాలు నారింజ తీగలో ఇరుక్కుంది. ఆ అరక్షణం నాకు ఇప్పటికీ అరగంటలా గుర్తుంది. ఒక చేత్తో ఆవిడ్ని పట్టుకున్నాను, రెండో చేత్తో కెమెరా స్టాండుని. మావయ్య కాసులపేరు మీదికి గద్దలా దూకాడు. ల్యాప్‌టాప్‌కి చెయ్యి మిగల్లేదు. తీగ వీణ తంత్రిలా బిగిసింది. కళ్లు మూసుకుని, జేబులో మరను తలుచుకుని, ఠపీమనే చప్పుడు కోసం ఎదురుచూశాను.

చప్పుడు రాలేదు. కళ్లు తెరిస్తే, తీగ ఊడి కింద పడి ఉంది. ల్యాప్‌టాప్ మాత్రం నిద్రలో ఒత్తిగిలినట్టు కాస్త పక్కకి తిరిగి, ధాన్యం బస్తాలా అక్కడే కూర్చుంది. తెర మీద కాసులపేరు, కాసుకాసూ మెరుస్తూ.

పెద్దమ్మగారు ముందు మావయ్య చేతిలోంచి నగ లాక్కున్నారు. తర్వాత తెర వైపు చాలాసేపు చూశారు. ఆ తర్వాత వంగి, ల్యాప్‌టాప్ కింద అరచెయ్యి పెట్టి, అచ్చం మా నాన్నలాగే కాస్త ఎత్తి చూశారు. "బరువున్నాది. తేలికదైతే ఈపాటికి నేల మీద ముక్కలయ్యేది. మంచి సరుకు. ఎవులు ఎంచినారు?"

"నానేనమ్మా!" అన్నాడు మొన్నటిదాకా దాన్ని రుబ్బురోలన్న మా మావయ్య.

కానీ ఆ సాయంత్రం మావయ్య ఫోనులో మా నాన్నతో అంటున్నది నా చెవిన పడింది. "మీవోడి కోసం కాటా దగ్గర సోటు ఉంచకు బావా. ఆడు కాటా ఇక్కడికే ఎత్తుకొచ్చీసినాడు."

ఇప్పుడు స్టూడియో నాది. మొన్న కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను, విస్తరాకంత తేలికది. కొట్లో నా అరచెయ్యి దానంతటదే దాని కిందికి వెళ్తుంటే, బలవంతాన జేబులో పెట్టుకున్నాను. పాతది కన్నుమూసి చాలా కాలమైంది గానీ, ఉద్యోగం మాత్రం మానలేదు. ఎక్కడ ఫొటోలకి వెళ్లినా దాన్ని మోసుకెళ్తాను. తీగను ముందు దాని కిందుగా పోనిచ్చి, ఆ తర్వాతే కొత్తదానికి తగిలిస్తాను. ఎవరి కాలు తగిలినా ఆ లాగుడు రోలు దాటి రాదు. అది ఏమిటని ఎవరైనా అడిగితే "బరువు" అంటాను. ఆ మర ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. ప్రతి ఫొటో తెర మీద పడే ముందు చెయ్యి మాత్రం చొక్కా జేబు తడుముకుంటుంది. అక్కడ ఆవగింజంత ఇనుమూ, దాని వెనక కొండంత భయంతో కొట్టుకున్న ఆ కుర్రాడి గుండే, రెండూ ఇంకా ఉన్నాయి.